ఫంక్షనల్ భాషలో చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను డిజైన్ చేయడం ఎలా?

కోడ్ జోలికి పోకముందు ఒక పని చేయండి. టెర్మినల్ తెరిచి, నెట్‌క్యాట్‌ను (నెట్‌వర్క్ మీద వచ్చే టెక్స్ట్‌ను చూపించి, మనం టైప్ చేసింది పంపే చిన్న ప్రోగ్రామ్) 8080 పోర్టు దగ్గర కాపలా పెట్టండి. తర్వాత బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8080 కొట్టండి. పేజీ రాదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. కానీ టెర్మినల్‌లో ఇలాంటి వరుసలు పడతాయి:

    గెట్ / హెచ్‌టీటీపీ/1.1
    హోస్ట్: లోకల్‌హోస్ట్:8080
    యూజర్-ఏజెంట్: మొజిల్లా/5.0 ...
    యాక్సెప్ట్: టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ ...

చివర ఒక ఖాళీ వరుస. బ్రౌజర్ అడగాల్సింది అడిగేసింది, ఇప్పుడు మీ జవాబు కోసం చూస్తోంది. అదే టెర్మినల్‌లో "హెచ్‌టీటీపీ/1.1 200 ఓకే" అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఒక ఖాళీ వరుస వదిలి, "హలో" అని రాసి, కంట్రోల్-సీ నొక్కండి. బ్రౌజర్‌లో హలో కనిపిస్తుంది. ఇప్పటిదాకా వెబ్ సర్వర్ మీరే.

కొంత టెక్స్ట్ వచ్చింది, దాన్ని చూసి కొంత టెక్స్ట్ పంపారు. ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చేదాన్ని మనం ఫంక్షన్ అంటాం. అందుకే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎలా పని చేస్తుందో తెలుసుకోవడానికి ఫంక్షనల్ భాష అంత బాగా కుదురుతుంది. ఈ వ్యాసంలో ఓకామెల్‌లో ఒక చిన్న ఫ్రేమ్‌వర్క్‌ను మొదటి నుంచి డిజైన్ చేద్దాం. ఓకామెల్ ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టింది, 1996లో ఆబ్జెక్టివ్ కామెల్ అన్న పేరుతో బయటికి వచ్చింది. హాస్కెల్, ఎఫ్-షార్ప్, ఎలిక్సిర్, క్లోజర్ వాడేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం అలాగే పనికొస్తుంది. ఫంక్షన్లు, లిస్టులు, ప్యాటర్న్ మ్యాచింగ్ తెలిస్తే చాలు.

కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. లెట్, మ్యాచ్, విత్, టైప్ లాంటివి భాష కీవర్డులు, మిగతావి నేను పెట్టుకున్న పేర్లు. మీరు ఎడిటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవాలి, ఎందుకంటే ఓకామెల్ పేర్లలో తెలుగు అక్షరాలను ఒప్పుకోదు. కోట్స్ మధ్య ఉండే స్ట్రింగుల్లో మాత్రం తెలుగు నిక్షేపంగా రాసుకోవచ్చు. ఉదాహరణగా ఒక వీధి గ్రంథాలయం తన పుస్తకాల జాబితాను వెబ్‌లో పెడుతోందని అనుకుందాం.

మొదటి అడుగు: రెండు రికార్డులు, ఒక టైప్

    టైప్ పద్ధతి = గెట్ | పోస్ట్ | ఇతర ఆఫ్ స్ట్రింగ్

    టైప్ రిక్వెస్ట్ = {
      పద్ధతి : పద్ధతి;
      పాత్ : స్ట్రింగ్ లిస్ట్;
      హెడర్లు : (స్ట్రింగ్ * స్ట్రింగ్) లిస్ట్;
      బాడీ : స్ట్రింగ్ }

    టైప్ రెస్పాన్స్ = {
      స్టేటస్ : ఇంట్;
      హెడర్లు : (స్ట్రింగ్ * స్ట్రింగ్) లిస్ట్;
      బాడీ : స్ట్రింగ్ }

    టైప్ హ్యాండ్లర్ = రిక్వెస్ట్ -> రెస్పాన్స్

చివరి వరుసే ఈ ఫ్రేమ్‌వర్క్‌కు పునాది. రూటర్, లాగిన్, లాగింగ్, ఎర్రర్ పేజీ, ఏది చేర్చినా చివరికి ఆ టైప్‌లోనే ఇమడాలి. ఇది నా కొత్త ఆలోచన కాదు. పైథాన్‌లో 2003లో విస్గీ, రూబీలో 2007లో ర్యాక్, క్లోజర్‌లో 2009లో రింగ్ దాదాపు ఇదే దారిలో నడిచాయి. సర్వర్‌కూ అప్లికేషన్‌కూ మధ్య ఒప్పందాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాయి. ట్విట్టర్‌లో పనిచేసిన మారియస్ ఎరిక్సెన్ 2013లో రాసిన పేపర్ కూడా సర్వర్‌ను ఫంక్షన్‌గా చూడమనే చెబుతుంది. ఓకామెల్‌లోనే ఉన్న డ్రీమ్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో హ్యాండ్లర్ రిక్వెస్ట్ తీసుకుని, రెస్పాన్స్ ఇస్తానని ఒక ప్రామిస్ ఇస్తుంది. మనం ఆ ప్రామిస్ లేకుండానే మొదలుపెడదాం. 2022 డిసెంబరులో వచ్చిన ఓకామెల్ 5లో ఎఫెక్ట్ హ్యాండ్లర్లు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి, తర్వాత కొనసాగించే సదుపాయం) ఉన్నాయి. వాటి మీద కట్టిన ఇయో లైబ్రరీతో ఒకేసారి వేల కనెక్షన్లను చూసుకుంటూ కూడా హ్యాండ్లర్‌ను మామూలు ఫంక్షన్‌గానే రాసుకోవచ్చు.

పాత్‌ను స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా పెట్టానని గమనించే ఉంటారు. దాని ఫలితం రెండో అడుగులో కనిపిస్తుంది. హెడర్ల పేర్లను మాత్రం లోపలికి వచ్చేటప్పుడే చిన్న అక్షరాల్లోకి మార్చేయండి. హెడర్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదని హెచ్‌టీటీపీ ప్రమాణం చెబుతుంది. ఆ పని గడప దగ్గరే అయిపోతే లోపల ఎవరూ దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

రెస్పాన్స్‌ను ప్రతిసారీ చేత్తో కట్టడం విసుగు. పేజీకి ఒకటి, సాదా టెక్స్ట్‌కు ఒకటి, వేరే చోటికి పంపడానికి ఒకటి, ఇలా మూడు చిన్న ఫంక్షన్లు రాసుకోండి. ఫారం పూర్తయ్యాక వేరే పేజీకి పంపేటప్పుడు 303 వాడండి. అప్పుడు యూజర్ రిఫ్రెష్ నొక్కినా అదే పుస్తకం రెండోసారి చేరదు.

రెండో అడుగు: రూటర్

వచ్చిన పాత్ చూసి ఏ హ్యాండ్లర్‌ను పిలవాలో తేల్చేది రూటర్. చాలా ఫ్రేమ్‌వర్కులు రూట్ల కోసం సొంతంగా ఒక చిన్న భాషనే కనిపెడతాయి. కోలన్ పెట్టి పేరు రాస్తే అది వేరియబుల్, నక్షత్రం పెడితే ఏదైనా సరే, ఇలా సాగుతుంది. మన భాషలో ప్యాటర్న్ మ్యాచింగ్ ముందే ఉంది కదా. దాన్నే వాడదాం:

    లెట్ రూటర్ రిక్వెస్ట్ =
      మ్యాచ్ రిక్వెస్ట్.పద్ధతి, రిక్వెస్ట్.పాత్ విత్
      | గెట్, [] -> హోమ్ రిక్వెస్ట్
      | గెట్, ["పుస్తకాలు"] -> జాబితా రిక్వెస్ట్
      | గెట్, ["పుస్తకాలు"; నంబర్] -> ఒక_పుస్తకం నంబర్ రిక్వెస్ట్
      | పోస్ట్, ["పుస్తకాలు"] -> చేర్చు రిక్వెస్ట్
      | _ -> దొరకలేదు

ఇంతే రూటర్. ఒకే రూట్‌ను పొరపాటున రెండుసార్లు రాస్తే, రెండోది ఎప్పటికీ వాడకంలోకి రాదని కంపైలరే హెచ్చరిస్తుంది. స్ట్రింగులతో రాసే రూట్లలో ఆ సాయం దొరకదు.

పాత్‌లో తెలుగు మాట పెట్టడం సరదా కోసం కాదు, దానికో కారణం ఉంది. అడ్రస్ బార్‌లో "పుస్తకాలు" అని కనిపించినా, వైరు మీద వెళ్లేది అది కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కు (యూనికోడ్‌లో విడి నంబర్ ఉన్న గుర్తుకు) మూడు బైట్లు పడతాయి. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది. అలా "త" ఒక్కటే %ఈ0%బీ0%ఏ4 అవుతుంది. పుస్తకాలు అన్న మాటలో గుణింతాలు, పొల్లు కలిపి తొమ్మిది కోడ్ పాయింట్లు ఉన్నాయి. అంటే 27 బైట్లు, అంటే సర్వర్‌కు చేరేసరికి 81 గుర్తులు. వీటిని విప్పి మళ్లీ బైట్లుగా మార్చడం ఫ్రేమ్‌వర్క్ పని.

ఇక్కడ వరుస తప్పకూడదు. ముందు పాత్‌ను స్లాష్ దగ్గర ముక్కలు చేయాలి, ఆ తర్వాతే ఒక్కో ముక్కను విప్పాలి. ముందే విప్పేస్తే, ముక్క లోపల %2ఎఫ్ రూపంలో ఉన్న స్లాష్ నిజం స్లాష్‌గా మారి, ఒక ముక్క రెండవుతుంది. ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే క్వెరీ భాగాన్ని ఇంకా ముందే వేరు చేసి రికార్డులో ఇంకో ఫీల్డుగా పెట్టుకోండి.

పుస్తకం నంబర్‌ను అంకెగా మార్చేటప్పుడు కూడా కాస్త జాగ్రత్త కావాలి. ఓకామెల్‌లో స్ట్రింగ్‌ను ఇంట్‌గా మార్చే ఫంక్షన్ "1_2" ఇచ్చినా 12 అనుకుంటుంది, ఎందుకంటే కోడ్‌లో అంకెల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోనిస్తుంది. దాంతో ఒకే పుస్తకానికి రెండు చిరునామాలు తయారవుతాయి. అన్నీ అంకెలే అని ముందు చూసుకుని, ఆ తర్వాత మార్చండి.

అప్లికేషన్ పెరిగితే రూట్లన్నీ ఒకే ఫైల్లో ఉండటం ఇబ్బంది. పుస్తకాల రూట్లు ఒక చోట, సభ్యుల రూట్లు ఇంకో చోట ఉండాలనిపిస్తుంది. అప్పుడు ఒక్కో రూటర్ "ఇది నాది కాదు" అని చెప్పగలగాలి. దానికి రెస్పాన్స్ బదులు రెస్పాన్స్ ఆప్షన్ ఇవ్వనివ్వండి (రెస్పాన్స్ ఉంటే సమ్, లేకపోతే నన్):

    లెట్ రెక్ మొదట_దొరికింది రూట్లు రిక్వెస్ట్ =
      మ్యాచ్ రూట్లు విత్
      | [] -> నన్
      | రూట్ :: మిగతావి ->
        మ్యాచ్ రూట్ రిక్వెస్ట్ విత్
        | సమ్ రెస్పాన్స్ -> సమ్ రెస్పాన్స్
        | నన్ -> మొదట_దొరికింది మిగతావి రిక్వెస్ట్

చిట్టచివర నన్ మిగిలితే 404. ఎఫ్-షార్ప్‌లోని సువావే కూడా ఇలా ఆప్షన్ మీదే నడుస్తుంది. కానీ మొదటి రోజే దీని జోలికి వెళ్లొద్దు. ఇరవై రూట్ల లోపు ఉన్న సైటుకు పైన రాసిన మ్యాచ్ హాయిగా సరిపోతుంది, చదివేవాళ్లకు సైటు మొత్తం ఒకే చోట కనబడుతుంది.

మూడో అడుగు: మిడిల్‌వేర్

ప్రతి రిక్వెస్ట్‌కు ఎంత సమయం పట్టిందో రాసిపెట్టాలి. ఏ హ్యాండ్లర్ కుప్పకూలినా సర్వర్ పడిపోకుండా 500 పేజీ వెళ్లాలి. ఈ పనులను ప్రతి హ్యాండ్లర్‌లో రాయలేం. హ్యాండ్లర్‌ను తీసుకుని, ఇంకో హ్యాండ్లర్‌ను ఇచ్చే ఫంక్షన్ రాస్తే సరిపోతుంది, దాన్నే మిడిల్‌వేర్ అంటారు:

    లెట్ లాగర్ హ్యాండ్లర్ రిక్వెస్ట్ =
      లెట్ మొదలు = ఇప్పుడు () ఇన్
      లెట్ రెస్పాన్స్ = హ్యాండ్లర్ రిక్వెస్ట్ ఇన్
      రాయి రిక్వెస్ట్.పాత్ రెస్పాన్స్.స్టేటస్ (ఇప్పుడు () -. మొదలు);
      రెస్పాన్స్

రిక్వెస్ట్ గడప దాటి లోపలికి వెళ్తుంది, రెస్పాన్స్ అదే గడప దాటి బయటికి వస్తుంది. మిడిల్‌వేర్‌కు రెండుసార్లూ అవకాశం దొరుకుతుంది. దీని కోసం రిజిస్టర్ చేయడాలు, క్లాసులు, హుక్కులు ఏమీ అక్కర్లేదు. రెండు మిడిల్‌వేర్లను కలపాలంటే ఫంక్షన్లను కలిపినట్టే కలపాలి:

    లెట్ యాప్ = లాగర్ (తప్పులు_పట్టు రూటర్)

ఈ వరుస తారుమారు చేసి చూడండి. తప్పులు_పట్టు బయట, లాగర్ లోపల ఉంటే ఏమవుతుంది? హ్యాండ్లర్‌లో ఎక్సెప్షన్ వచ్చిందనుకోండి, అది లాగర్ మధ్యలో నుంచి దూసుకుపోతుంది. రాయి అన్న వరుస నడవదు. యూజర్‌కు 500 పేజీ కనిపిస్తుంది, మీ లాగ్‌లో మాత్రం ఆ రిక్వెస్ట్ వచ్చిన ఆనవాలే ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా తెలియాల్సిన రిక్వెస్టే లాగ్‌లో లేకుండా పోతుంది. లాగర్ బయట ఉంటే దానికి ఎప్పుడూ ఒక రెస్పాన్స్ అందుతుంది, 500 అని రాసుకుంటుంది. మంచి విషయం ఏంటంటే, ఈ వరుస మీ కళ్ల ముందు ఒకే లైనులో ఉంది. ఎక్కడో కాన్ఫిగరేషన్ ఫైల్లో వెతుక్కోవాల్సిన పని లేదు.

నాలుగో అడుగు: లాగిన్ అయినవాళ్ల వివరాలను హ్యాండ్లర్‌కు ఎలా అందించాలి?

చిన్న ఫ్రేమ్‌వర్కులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకని కొంచెం ఆగి మాట్లాడుకుందాం. కుకీ చూసి యూజర్ ఎవరో మిడిల్‌వేర్ కనిపెట్టింది. ఆ సంగతి లోపలున్న హ్యాండ్లర్‌కు ఎలా చెప్పాలి?

ఒక పద్ధతి, రిక్వెస్ట్‌లోనే ఒక ఖాళీ సంచి పెట్టడం. క్లోజర్ రింగ్‌లో రిక్వెస్ట్ ఒక మ్యాప్ కాబట్టి దానికి ఇంకో కీ చేర్చేస్తారు. ఎలిక్సిర్ ప్లగ్‌లో అసైన్స్ అని ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుంది. రాయడం సులువు, ఆ భాషల్లో అందరికీ అలవాటు కూడా. కానీ టైపులున్న భాషలో ఆ సంచి వాడితే చేతిలో ఉన్న ఆయుధాన్ని పక్కన పెట్టినట్టే. హ్యాండ్లర్ రాసేవాళ్లు సంచిలో యూజర్ ఉన్నాడనుకుని చెయ్యి పెడతారు. ఆ రూట్‌కు లాగిన్ మిడిల్‌వేర్ తగిలించడం ఎవరో మర్చిపోయి ఉంటారు. కంపైలర్ ఏమీ అనదు. సైటు పైకి వెళ్లాక ఎవరో ఆ లింకు నొక్కినప్పుడు బయటపడుతుంది.

ఇంకో పద్ధతి, యూజర్ కావాల్సిన హ్యాండ్లర్ యూజర్‌ను మొదటి ఆర్గ్యుమెంట్‌గా అడగడం:

    చేర్చు : యూజర్ -> రిక్వెస్ట్ -> రెస్పాన్స్

    లాగిన్_కావాలి : (యూజర్ -> హ్యాండ్లర్) -> హ్యాండ్లర్

    లెట్ లాగిన్_కావాలి లోపలిది రిక్వెస్ట్ =
      మ్యాచ్ యూజర్_ఎవరు రిక్వెస్ట్ విత్
      | సమ్ యూజర్ -> లోపలిది యూజర్ రిక్వెస్ట్
      | నన్ -> పంపు "/లాగిన్"

ఇప్పుడు రూటర్‌లో "చేర్చు రిక్వెస్ట్" అని రాస్తే కంపైల్ కాదు, ఎందుకంటే చేర్చుకు ముందు యూజర్ కావాలి. "లాగిన్_కావాలి చేర్చు రిక్వెస్ట్" అని రాయక తప్పదు. లాగిన్ పెట్టడం మర్చిపోయే దారే మూసుకుపోయింది. గ్రంథాలయ నిర్వాహకులకు మాత్రమే తెరుచుకునే పేజీ కావాలంటే నిర్వాహకుడు అని ఇంకో టైప్ పెట్టి, దాన్ని ఇచ్చే ఫంక్షన్ ఒక్కటే రాయండి. ఇలా నాలుగైదు ఆర్గ్యుమెంట్లు పేరుకుంటాయేమో అని మొదట నాకూ అనిపించింది. రాసిన ఏ సైటులోనూ రెండు దాటలేదు. నా ఓటు ఎప్పుడూ దీనికే.

డేటాబేస్‌కు కూడా ఇదే మందు. గ్లోబల్ వేరియబుల్‌లో కనెక్షన్ పెట్టకుండా, రూటర్‌కే దాన్ని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. "లెట్ యాప్ డీబీ = లాగర్ (తప్పులు_పట్టు (రూటర్ డీబీ))" అని రాస్తే, నిజం డేటాబేస్‌తో ఒక యాప్, టెస్టుల కోసం మెమరీలో ఉండే జాబితాతో ఇంకో యాప్ తయారవుతాయి. పేరున్న డిపెండెన్సీ ఇంజెక్షన్ లైబ్రరీలు చేసే పనిని ఇక్కడ పార్షియల్ అప్లికేషన్ (ఫంక్షన్‌కు కొన్ని ఆర్గ్యుమెంట్లే ఇచ్చి మిగతావి తర్వాత ఇవ్వడం) ఒక్కటే చేసిపెడుతుంది.

ఐదో అడుగు: పేజీని స్ట్రింగులు అతికించి కట్టొద్దు

ఎవరో పుస్తకం పేరు అన్న చోట స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పంపారనుకోండి. మీరు ఆ పేరును తీసుకెళ్లి నేరుగా పేజీలో అతికిస్తే, జాబితా చూసే ప్రతి ఒక్కరి బ్రౌజర్‌లో ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. ప్రతిచోటా గుర్తు పెట్టుకుని ఎస్కేప్ చేద్దాం (ట్యాగ్ గుర్తులను బ్రౌజర్ మామూలు టెక్స్ట్‌గా చూపించేలా మార్చేద్దాం) అనుకుంటే ఒక చోట మర్చిపోవడం ఖాయం. పేజీకి సొంత టైప్ ఇవ్వండి:

    టైప్ హెచ్‌టీఎంఎల్ =
      | టెక్స్ట్ ఆఫ్ స్ట్రింగ్
      | ట్యాగ్ ఆఫ్ స్ట్రింగ్ * (స్ట్రింగ్ * స్ట్రింగ్) లిస్ట్ * హెచ్‌టీఎంఎల్ లిస్ట్

పేజీ రెస్పాన్స్ తయారుచేసే ఫంక్షన్ ఈ టైప్‌నే తీసుకుంటుంది, స్ట్రింగ్ ఇస్తే ఒప్పుకోదు. దీన్ని బైట్లుగా మార్చే చోట ఒక్కసారి ఎస్కేప్ చేస్తే అంతటా చేసినట్టే. యాట్రిబ్యూట్ విలువలను కూడా ఎస్కేప్ చేయండి, కోట్స్‌తో సహా. ఒక్కో గుర్తునూ చూస్తూ ముందుకు వెళ్లేలా రాస్తే మంచిది. అలా కాకుండా మొత్తం స్ట్రింగ్ మీద ఒక్కో గుర్తునూ వెతికి మార్చుకుంటూ పోతే, యాంపర్‌శాండ్‌ను అన్నిటికంటే ముందు మార్చాలి. లేకపోతే మీరే ఇప్పుడు చేర్చిన యాంపర్‌శాండ్ రెండోసారి మారి, పేజీ నిండా పిచ్చి గుర్తులు పడతాయి. బీఆర్, ఐఎంజీ, ఇన్‌పుట్ లాంటి ట్యాగులకు మూత ఉండదని గుర్తుంచుకోండి.

స్క్రిప్ట్, స్టైల్ ట్యాగుల లోపల ఎస్కేప్ సూత్రాలు వేరు. చిన్న ఫ్రేమ్‌వర్క్‌లో వాటిని పేజీ లోపల రాయనివ్వకుండా విడి ఫైళ్లలో పెట్టించడం సులువైన దారి.

ఆరో అడుగు: బయటి అంచు

ఇప్పటిదాకా రాసిన కోడ్‌లో లాగర్, డేటాబేస్ తప్ప బయటి ప్రపంచాన్ని తాకినది ఏదీ లేదు. ఇప్పుడు సాకెట్ దగ్గరికి వెళ్దాం. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. జనం వాడే సైటుకైతే ఈ భాగాన్ని సొంతంగా రాయకండి. ఓకామెల్‌లో కోహెచ్‌టీటీపీ లాంటి లైబ్రరీలు ఉన్నాయి, వాటి మీద మీ హ్యాండ్లర్‌ను కూర్చోబెట్టండి. నేర్చుకోవడానికి మాత్రం ఒక్కసారైనా రాయాలి. అది రాశాకే మిగతావాళ్ల కోడ్‌లో అన్ని జాగ్రత్తలు ఎందుకున్నాయో తెలుస్తుంది.

సాకెట్ తెరవండి, రీయూజ్-అడ్రస్ ఆప్షన్ పెట్టండి. అది లేకపోతే సర్వర్‌ను ఆపి వెంటనే మొదలుపెట్టినప్పుడు "అడ్రస్ ఇప్పటికే వాడకంలో ఉంది" అంటుంది. బయటివాళ్లకు కనబడకుండా లూప్‌బ్యాక్ అడ్రస్‌కే కట్టండి. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో థ్రెడ్ ఇచ్చినా ఈ స్థాయికి చాలు. థ్రెడ్ లోపల చేసేది నాలుగే పనులు: చదవడం, రిక్వెస్ట్‌గా మార్చడం, యాప్‌ను పిలవడం, రెస్పాన్స్ రాయడం. రాశాక కనెక్షన్ మూసేయండి, "కనెక్షన్: క్లోజ్" అన్న హెడర్ కూడా పంపండి.

చదవడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఒక రీడ్‌కు ఒక రిక్వెస్ట్ మొత్తం వస్తుందన్న హామీ లేదు. సగం హెడర్ రావచ్చు, తెలుగు అక్షరం మూడు బైట్లలో ఒకటే రావచ్చు. ఖాళీ వరుస కనిపించేదాకా బఫర్‌లో పోగుచేస్తూ ఉండాలి. ఆ తర్వాత కంటెంట్-లెంగ్త్ ఎన్ని బైట్లు చెప్పిందో అన్నీ వచ్చేదాకా మళ్లీ చదవాలి. సున్నా బైట్లు వచ్చాయంటే అవతలివాళ్లు వెళ్లిపోయినట్టు. హెడర్లకు 8 కేబీ, బాడీకి 1 ఎంబీ అని హద్దులు పెట్టండి. బాడీ హద్దు దాటితే 413 పంపండి. ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ హెడర్ (బాడీని ముక్కలుగా లేదా వేరే రూపంలో పంపుతున్నామని చెప్పేది) కనిపిస్తే, మనకు ఆ విద్య రాదు కాబట్టి 501 చెప్పి మూసేయండి. సగం అర్థం చేసుకుని ముందుకు వెళ్తే ఒక రిక్వెస్ట్ తోక ఇంకో రిక్వెస్ట్‌గా చలామణీ అయ్యే ప్రమాదం ఉంది.

రాసేటప్పుడు రెండు విషయాలు. హెడర్ విలువల్లో కొత్త వరుస గుర్తులు ఉంటే పంపడానికి ఒప్పుకోకండి. యూజర్ ఇచ్చిన మాటను రీడైరెక్ట్ హెడర్‌లో పెట్టినప్పుడు, అందులో కొత్త వరుస దాగి ఉంటే వాళ్లకు నచ్చిన హెడర్ మీ చేత పంపించగలరు. రెండోది సిగ్‌పైప్ సిగ్నల్‌ను పట్టించుకోవద్దని ప్రోగ్రామ్ మొదట్లోనే చెప్పండి. మీరు రాస్తుండగా యూజర్ బ్రౌజర్ మూసేస్తే ఆ సిగ్నల్ వస్తుంది, చెప్పకపోతే ఒక్కరి కోసం సర్వర్ మొత్తం ఆగిపోతుంది.

కంటెంట్-లెంగ్త్ గురించి నాకు జరిగింది చెప్తాను. ఇలాంటి ఫ్రేమ్‌వర్క్‌నే నేను మొదట హాస్కెల్‌లో రాసుకున్నాను. ఇంగ్లిష్ పేజీలన్నీ చక్కగా వచ్చాయి. తెలుగు పేజీ పెట్టగానే సగంలో తెగిపోయింది. గంటల తరబడి సాకెట్ కోడ్ చూశాను, బఫర్ చూశాను, ఎక్కడా తప్పు లేదు. టెన్షన్ పెరిగిపోయి, పేజీ మొత్తం తీసేసి ఒకే ఒక్క మాట "తెలుగు" అని పంపి చూశాను. బ్రౌజర్‌లో "తె" అని మాత్రమే వచ్చింది. అది చూశాక విషయం అర్థమైంది. స్ట్రింగ్ పొడవు అడిగితే హాస్కెల్ కోడ్ పాయింట్లు లెక్కపెట్టి 6 అని చెప్పింది, నేను అదే కంటెంట్-లెంగ్త్‌లో పెట్టాను. నిజానికి వెళ్లాల్సినవి 18 బైట్లు. మొదటి ఆరు బైట్లు తీసుకుని, అంటే "త" మూడు, ఎత్వం మూడు, బ్రౌజర్ అక్కడితో ఆగిపోయింది. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటే కాబట్టి ఆ తప్పు ఎన్నాళ్లయినా బయటపడదు.

ఎలిక్సిర్‌లో అయితే ఇదే మాటకు స్ట్రింగ్ పొడవు 3 వస్తుంది, ఎందుకంటే అది మన కంటికి కనబడే అక్షరాలను లెక్కపెడుతుంది. బైట్ల లెక్క కావాలంటే బైట్-సైజ్ అడగాలి. ఓకామెల్ స్ట్రింగ్ అంటేనే బైట్ల వరుస, కాబట్టి దాని పొడవు 18 అనే వస్తుంది. ఏ భాషైనా ముందు బాడీని బైట్లుగా మార్చి, ఆ బైట్లను లెక్కపెట్టండి. ఈ హెడర్‌ను హ్యాండ్లర్లకు వదలకండి, అంచు దగ్గర ఫ్రేమ్‌వర్కే పెట్టాలి. కంటెంట్-టైప్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పడం కూడా దాని బాధ్యతే. లేకపోతే తెలుగు మొత్తం గజిబిజి గుర్తులుగా కనబడవచ్చు.

ఏడో అడుగు: పరీక్షించడం

హ్యాండ్లర్ మామూలు ఫంక్షన్ కాబట్టి, సర్వర్ మొదలుపెట్టకుండానే, పోర్టు తెరవకుండానే పరీక్షించవచ్చు. చేత్తో ఒక రిక్వెస్ట్ రికార్డ్ కట్టి యాప్‌కు ఇవ్వండి, వచ్చిన స్టేటస్ చూడండి. పుస్తకాల జాబితాకు 200 రావాలి. లేని పుస్తకానికి 404 రావాలి. లాగిన్ లేకుండా పోస్ట్ చేస్తే 303 రావాలి. కావాలనే ఎక్సెప్షన్ విసిరే హ్యాండ్లర్‌కు 500 రావాలి. స్క్రిప్ట్ ట్యాగ్ ఉన్న పేరుతో పుస్తకం చేర్చి, పేజీలో ఆ ట్యాగ్ ఉన్నదున్నట్టు లేదని చూడండి. వంద టెస్టులు రాసినా కంటి రెప్పపాటులో నడుస్తాయి, అందుకే రాయబుద్ధి కూడా అవుతుంది.

అంచు మాత్రం సాకెట్‌తోనే పరీక్షించాలి. మళ్లీ నెట్‌క్యాట్ తెరవండి, ఈసారి మీరే బ్రౌజర్. మన సర్వర్‌కు కనెక్ట్ అయ్యి, గెట్ వరుస టైప్ చేసి ఎంటర్ కొట్టి, అక్కడే ఆగండి. నెట్‌క్యాట్ మామూలుగా ఉత్త న్యూలైన్ పంపుతుంది. దాన్ని కూడా వరుస ముగింపుగా తీసుకోవచ్చని ప్రమాణం అనుమతిస్తుంది, మీ పార్సర్‌ను అందుకు సిద్ధం చేయండి. కొన్ని సెకన్లు ఆగి హోస్ట్ వరుస, ఇంకా ఆగి ఖాళీ వరుస ఇవ్వండి. పేజీ వచ్చిందంటే ముక్కలుగా చదవడం సరిగ్గా రాశారన్నమాట. ఇప్పుడు మళ్లీ కనెక్ట్ అయ్యి, గెట్ వరుస కొట్టి, టెర్మినల్‌ను అలాగే వదిలేసి టీ తాగి రండి. తిరిగొచ్చేసరికి కనెక్షన్ ఇంకా తెరిచే ఉంటే మీరు టైమౌట్ పెట్టలేదు. అలాంటి కనెక్షన్లు కొన్ని వందలు తెరిచి వదిలేస్తే ఎవరైనా మీ సర్వర్ థ్రెడ్లన్నీ పట్టుకుని కూర్చోగలరు. సాకెట్‌కు పది సెకన్ల రిసీవ్ టైమౌట్ పెట్టి, రిక్వెస్ట్ మొత్తానికి ముప్పై సెకన్ల గడువు ఇచ్చి, మళ్లీ అదే టెర్మినల్‌లో ప్రయత్నించండి.